ఒక కన్నం ఎత్తు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఈ సంగతి మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టేసింది. నేను మాత్రం పోయిన ఎండాకాలం దాకా ఒప్పుకోలేదు. చేతిలో పనితనం ఉన్నవాడి నోటిని లోకం భరించి తీరాలని నా లెక్క. ఇంజన్ బాగుపడాలా, నా తిట్లు తినకుండా ఉండాలా, ఏదో ఒకటి తేల్చుకోండి అన్నట్టుండేవాణ్ణి.

నా పని బోటు ఇంజన్లు. భీమిలి అవతల సముద్రం ఒడ్డున పుట్టాను. మా నాన్న వేటకెళితే నేను వలల జోలికి పోకుండా, బోటు వెనక పలకకి తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్ల చుట్టూ తిరిగేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు పందేల బోట్లు నడిపేవాళ్ల దగ్గర కొన్నాళ్లు పనిచేశాను. ఈ ఎత్తు పిచ్చి నాకు అక్కడే అంటుకుంది. తర్వాత అరకులో కిరాణా కొట్టు ఉన్నాయన కూతుర్ని చేసుకుని కొండెక్కాను. సముద్రం వదిలేసి కొండల్లో ఏం బాగుచేస్తావురా అని మావాళ్లు నవ్వారు. కొండల్లో రిజర్వాయర్లున్నాయి, రిజర్వాయర్లలో టూరిస్టు బోట్లున్నాయి, వాటి ఇంజన్లు పాడవుతూనే ఉంటాయి. నాకు పనికి లోటు రాలేదు.

ఎత్తు పిచ్చి అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. ఇంజన్‌ని బోటు వెనక పలకకి ఎంత ఎత్తులో బిగించాలన్నది చూడటానికి చిన్న సంగతే. బ్రాకెట్‌కి ఒకదాని కింద ఒకటి కన్నాలుంటాయి. కన్నానికీ కన్నానికీ మధ్య బొటనవేలంత తేడా. ఇంజన్ కిందకి ఉంటే దాని కాలు నీళ్లలో బాగా మునిగి బోటుని వెనక్కి లాగుతుంది. పైకెత్తేకొద్దీ ఒరిపిడి తగ్గి బోటు తేలిపోతుంది. అలాగని మరీ ఎత్తితే కాలి చివర తిరిగే ఫ్యాను నీళ్లకి బదులు గాలి మింగుతుంది. అప్పుడు ఇంజన్ గోలే గోల, బోటు మాత్రం కదలదు. ఇంజన్ చల్లబడటానికి నీళ్లు పీల్చుకునే చిల్లులు కూడా ఆ కాలికే ఉంటాయి. వాటికి గాలి తగిలిందంటే లోపలంతా కాగిపోతుంది. నీళ్లు అందుతున్నాయనడానికి గుర్తుగా ఇంజన్ పక్కనుంచి సన్నటి ధార ఒకటి పడుతుంటుంది. మేం మెకానిక్‌లం దాన్ని చూసి ‘పిల్లాడు పోస్తున్నాడా లేదా’ అని అడుగుతాం. ఎక్కడిదాకా ఎత్తాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఇందులో పనితనం. ఆ పనితనం ఈ చుట్టుపక్కల నాకొక్కడికే ఉందని నా నమ్మకం. ఆ మాట ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి, అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

అరకు నుంచి ఇంకా లోపలికి, ఒడిశా అంచున ఒక రిజర్వాయరు ఉంది. ఇవతలి గట్టున జెట్టీ, రోడ్డు, వారం వారం సంత. అవతలి గట్టున ఒక ఊరు. ఊరి వెనకే కొండ, కొండ మీద ఆ ఊరివాళ్లు కొలిచే తల్లి. రోడ్డు మీదుగా ఆ ఊరికి పోవాలంటే కొండ చుట్టూ తిరగాలి, వానల్లో జీపు కూడా పోదు. అందుకని సంతకి రావాలన్నా, జ్వరమొచ్చినా, కాన్పు వచ్చినా వాళ్లకి నీళ్లే దారి. ఆ నీళ్ల మీద ఒక నాటు పడవ, దాన్ని నడిపే ఒక పెద్దాయన. ఆయన్ని చిన్నా పెద్దా అందరూ మావ అనే పిలుస్తారు. మావ పడవ నడపడంలో తొందర అన్నది ఎన్నడూ ఎరగడు. గాలి ఎదురైతే పొద్దున బయల్దేరిన మనిషి జెట్టీ చేరేసరికి సంతలో మంచి బేరాలన్నీ అయిపోయేవి.

ఆ ఊరికో స్పీడ్ బోటు ఇచ్చి చూద్దామని, బోట్ల సంగతి చూసే సర్కారు ఆఫీసువాళ్లు అనుకున్నారు. బోటు కట్టే చోటు చూసి రమ్మని నన్ను పంపారు. మావ పడవలోనే వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు సంతకి వచ్చే ఆడవాళ్లు కూడా ఎక్కారు. అల్లం బుట్టలు, చింతపండు మూటలు, కాళ్లు కట్టిన ఒక కోడిపుంజు. నేను ముందుకి తిరిగి కూర్చున్నాను. నా ఎదురుగా ఒక ముసలమ్మ, నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లో, నన్నే చూస్తోంది.

“బావూ, అటు కాదు. ఇటు తిరిగి కూకో.”

“ఏటి మామ్మా, పడవ అటు కదా ఎల్తంది?”

“పడవ ఎటెల్తే నీకేటి? తల్లికి ఈపు సూపుతావేటి?”

అప్పుడు చూశాను. పడవలో ఆడవాళ్లందరూ ముక్కు వైపుకి సర్దుకుని, వెనక్కి తిరిగి, కొండకేసి చూస్తూ గొంతుక్కూర్చున్నారు. ఊరు విడిచి నీళ్ల మీదకి వెళ్లేటప్పుడు కొండ కనుమరుగయ్యేదాకా తల్లికి వీపు చూపించకూడదట. రిజర్వాయరు మధ్యలో ఒక నల్లబండ ఉంటుంది. అది దాటాక వేరే కొండ అడ్డొచ్చి తల్లి కొండ కనబడదు. అప్పుడు అందరూ ఇటు తిరుగుతారు, మూటలు విప్పుతారు, కబుర్లు మొదలెడతారు. మావ కూడా పడవ వెనకభాగంలో నిలబడి తెడ్డు వేస్తూ మధ్యమధ్యలో తల తిప్పి కొండని చూసుకుంటున్నాడు.

“మీ కొండేటి పారిపోదులే మామ్మా,” అన్నాను తిరిగి కూర్చుంటూ.

“కొండ పారిపోదు బావూ. మనమే ఎల్లిపోతన్నాం కదా.”

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. తర్వాత ఆమే చెప్పుకొచ్చింది. తన మనవరాలికి వానల్లో నెలలు నిండుతాయి. మొదటి కాన్పుకి వానలోనే ఆ పిల్లని డోలీ కట్టి కొండెక్కించి అవతలికి దింపారు. తల్లి మిగిలింది, బిడ్డ మిగల్లేదు. “ఈ పాలి బోటుంటాది కదా, గుంటని బేగి తీసుకెల్లిపోవచ్చు,” అంది. ఆ మాట అంటున్నప్పుడు నా చేతులకేసి చూసింది. బోటు నేనే ఇస్తున్నట్టు నాకు ఛాతీ పొంగింది.

బోటు వచ్చింది. సన్నటి ఫైబరు బోటు, పదునైన ముక్కు, వెనక బలమైన ఇంజన్. చూడగానే నాలోని పందెంగాడు లేచి కూర్చున్నాడు. ముక్కు దగ్గర ఖాళీ జాగా, మధ్యలో సీట్లు, అన్నీ ముందుకి తిరిగి ఉన్నాయి. ఆఫీసు సారు జీపులో వచ్చి చూసుకున్నాడు. సారు చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే నా తప్పు ఇంకొకడి మీదకి తోసెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

“స్పీడ్ ఎంతన్నది నాకొద్దయ్యా,” అన్నాడు సారు. “ఆ ఊరివాళ్లని ఎక్కించుకుని ఇక్కడికి సాఫీగా తీసుకురా. వచ్చిందా, బోటు అక్కడే కట్టేసి, ఊళ్లోవాళ్లకి నడపడం నేర్పిద్దాం. రాలేదా, ఘాట్ రోడ్డు కింద రిజర్వాయరులో టూరిస్టులకి పంపేస్తాం. వాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు.”

ఇంత స్పష్టంగా చెప్పాడు. నేనేం చేశాను? సారు జీపు మలుపు తిరగ్గానే జేబులోంచి ఫోన్ తీసి, స్పీడ్ చూపించే యాప్ తెరిచి, బోటు ఎక్కాను. ఒక్కణ్ణే. బోటు బాగానే పోయింది. బాగానే పోవడం నాకు చాల్లేదు. జెట్టీకి తెచ్చి, ఇంజన్‌ని చైను బ్లాకుకి వేలాడదీసి, బోల్టులు విప్పి ఒక కన్నం పైకెత్తి బిగించాను. మళ్లీ వెళ్లాను. ఫోన్లో అంకె పెరిగింది. ఇంకో కన్నం ఎత్తాను. ఓర్నాయనో, ఏం పోయిందో! నీళ్లని తాకీ తాకనట్టు ఎగిరిపోయింది. జెట్టీ దగ్గర టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. పిల్లాడు పోస్తున్నాడా అని వెనక్కి చూశాను. ధార సన్నగానే ఉంది గానీ, ఉంది. చాలనుకున్నాను. పందేల బోట్లకి అంతే ఎత్తు పెట్టేవాళ్లం.

పందేల బోటులో మనిషి ఒక్కడే ఉంటాడు. వాడూ వెనకే కూర్చుంటాడు. వెనక బరువుంటే వెనకభాగం నీళ్లలో దిగి, ఇంజన్ ఎత్తుగా ఉన్నా ఫ్యానుకి నీళ్లు అందుతాయి. ముందు బరువు పెడితే ముక్కు దిగి తోక లేస్తుంది. ఇంజన్ నేనెత్తిన ఎత్తుకి తోడు ఇంకాస్త పైకి పోతుంది. ఇది లెక్క కూడా కాదు, తూగుడుబల్ల ఎక్కిన చంటిపిల్లలకీ తెలుస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారో, ఎటు తిరిగి కూర్చుంటారో నేను కళ్లారా చూశాను. చూడ్డమే కాదు, వాళ్లతోపాటు అలాగే కూర్చుని వచ్చాను. ఆ రెండిటినీ కలిపి ఆలోచించే బుర్ర మాత్రం ఆ రోజు నాకు లేకపోయింది. ఫోన్లో అంకె తప్ప ఇంకేం కనబడలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే బోటు వేసుకుని ఆ ఊరికి వెళ్లాను. గట్టు మీద ఊరంతా ఉంది. బోటు ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఇంజన్‌కి బంతిపూల దండ వేశారు. ఫ్యానులో చిక్కుతుందని నేను దండ తీసేయబోతే, మామ్మ గబగబా వచ్చి దాన్ని ముక్కుకి మార్చి కట్టింది. నేను ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్టు తొడిగాను. మామ్మకి జాకెట్టు బెల్టు బిగిస్తుంటే ఆమె చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వి, “ఓలమ్మో, ఈ ముసిలిముండకి పెళ్లి సేత్తన్నావేటి బావూ!” అంది. అందరూ పగలబడి నవ్వారు. మనవరాలు పొట్ట పట్టుకుని గట్టు మీదే ఉండిపోయింది. వాళ్ల వెనకాల కొండ.

అందరూ ఎక్కారు. ఒక్కరూ సీట్లలో కూర్చోలేదు. సీట్లన్నీ ముందుకి తిరిగి ఉన్నాయి కదా, వాటిల్లో కూర్చుంటే తల్లికి వీపే. ఒకరి వెనక ఒకరు ముక్కు దగ్గరి ఖాళీలోకి వెళ్లి, బుట్టలు ఒళ్లో పెట్టుకుని, కొండకేసి తిరిగి గొంతుక్కూర్చున్నారు. నా ముఖం, నా వెనక ఇంజన్, దాని వెనక కొండ, అన్నీ ఒకే వరసలో వాళ్లకి కనబడుతున్నాయి. మామ్మ కొండకి దణ్ణం పెట్టింది.

నేను గేరు వేసి రేసిచ్చాను.

బోటు కొంచెం కదిలింది. తర్వాత ఇంజన్ ఒక్కసారి అరిచింది. అలాంటి అరుపు ఎవరికైనా భయం పుట్టిస్తుంది, నాకు మాత్రం అది చిన్నప్పట్నుంచీ తెలిసిన మాట. ఫ్యాను గాలి మింగింది. తగ్గించాను, మళ్లీ ఇచ్చాను, మళ్లీ అరిచింది. ఆ క్షణమే నాకు అర్థమైపోయింది, తోక లేచిందని, నేనెత్తిన కన్నమే కొంప ముంచిందని. మనసులో ఒక మూల దీపం వెలిగించినట్టు తెలుసు. అప్పుడే వాళ్లని కొంచెం వెనక్కి జరగమని మర్యాదగా అడిగితే పోయేది. లేదా నెమ్మదిగా, ఇంజన్ కూనిరాగం తీస్తూ ఉండేంత రేసులో తీసుకెళ్లినా పోయేది. సారు చూస్తున్నాడు. జెట్టీ మీద నిలబడి నీళ్లకేసి చూస్తున్నాడు. ఎగిరొచ్చే బోటుని చూపించాలి నేను. ఇంకా గట్టిగా ఇచ్చాను.

నల్లబండ ఇంకా రాకముందే ఇంజన్ కీచుమని బీపు కొట్టడం మొదలెట్టింది. పక్కన ధార లేదు. పిల్లాడు పోయడం మానేశాడు. వేడెక్కిపోయి, దానంతటదే ఆగిపోయింది.

నీళ్ల మధ్యలో అంతా నిశ్శబ్దం. ఎవరి బుట్టలోనో కోడి ఒక్కటే కొక్కొక్కో అంటోంది. నా కోపం నషాళానికి అంటింది. ఎవరి మీద? నా మీదే. కానీ నా కోపం నా మీదకి వచ్చినప్పుడు అది ఎప్పుడూ నా దగ్గర ఆగదు, ఎదుటివాళ్ల మీదకి పోతుంది. “సీట్లిచ్చి చచ్చాం కదా! ముక్కులోకెల్లి గొర్రెల మందలాగ కూకున్నారేటి! లెగండి, లెగండి!” అని అరిచాను. వాళ్లు లేవలేదు. లేస్తే బోటు ఊగుతుందని భయం, తిరిగితే తల్లికి వీపు. మామ్మ నాకేసి, నా వెనక కొండకేసి మార్చి మార్చి చూసింది.

చివరికి ఏమైందో చెప్పడానికే సిగ్గుగా ఉంది. మావ తన నాటు పడవ వేసుకుని నింపాదిగా వచ్చాడు. ఏమీ అడక్కుండా తాడు విసిరాడు. స్పీడ్ బోటుని నాటు పడవ జెట్టీదాకా లాక్కొచ్చింది. ఆ దారి పొడుగునా నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను, తిప్పడానికేం లేదు. నీళ్లలో దూకి మునిగిపోదామనిపించింది. జెట్టీ మీద టీ తాగేవాళ్లు మళ్లీ లేచి నిలబడ్డారు.

“ఏమైందయ్యా?” అన్నాడు సారు.

అప్పుడు నేను నిజం చెప్పొచ్చు. “ఇంజన్ ఎత్తు ఎక్కువ పెట్టాను సార్, ఒక కన్నం దించితే చాలు, అరగంట ఇవ్వండి.” ఇంతే. ఇంత చిన్న మాట. దానికి బదులు నా నోట్లోంచి వచ్చింది ఇది: “ఏం చెయ్యమంటారు సార్! సీట్లున్నా కూర్చోరు. అందరూ పోయి ముక్కులో పడ్డారు. వీళ్లకి కూర్చోవడమే రాదు.”

ఆడలేక మద్దెల ఓడన్నాడట ఒకడు. నేను ఇంకో మెట్టెక్కి, మద్దెల వాయించేవాళ్లకి చేతులు లేవన్నాను.

సారు వాళ్లకేసి చూశాడు. జాకెట్లతో, బుట్టలతో, తడిసిన చీర అంచులతో వాళ్లు జెట్టీ మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు. “కూర్చోవడం రానివాళ్లకి స్పీడ్ బోటేంటి, ప్రమాదం కదా,” అన్నాడు. కోపంగా కాదు, నిజంగా దిగులుగా అన్నాడు. “చూద్దాంలే. కూర్చోవడం నేర్చుకుంటే మళ్లీ ఎప్పుడైనా వేరే బోటు వచ్చినప్పుడు చూద్దాం.”

మామ్మ ముందుకొచ్చింది. బోటులోకి వంగి, ఎవరూ కూర్చోకుండా వదిలేసిన సీటుని చీర కొంగుతో తుడిచింది. “మాకు తెల్దు బాబుగోరూ. నేర్సుకుంటాం,” అంది.

నేను అక్కడే ఉన్నాను. నోరుండీ, ఎప్పుడూ మూతపడని నోరుండీ, మాట రాలేదు.

జీపు వెళ్లిపోయాక ఇంజన్‌ని చైను బ్లాకుకి తగిలించి ఒక కన్నం కిందకి దించాను. ముక్కులో ఇసక మూటలు పేర్చి నీళ్ల మీదకి తీసుకెళ్లాను. పోయింది. ఎగర్లేదు గానీ ఏ గోలా లేకుండా, ధార నిండుగా పోసుకుంటూ, నల్లబండ దాటి, తిరిగొచ్చింది. అప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. రేపు చేద్దామనుకున్నాను. మర్నాడు లారీ వచ్చి బోటుని ఘాట్ కిందకి పట్టుకుపోయింది. ఆ తర్వాత చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఏం లాభం అన్న మాట ఎంత హాయిగా ఉంటుందో, నాలాంటివాడు అందులో సంసారం చేసేయగలడు.

ఇంట్లో మాత్రం మా ఆవిడ “ఏటలాగున్నావు, ఇంజన్ల మీద అరుపులు నేవు, నా మీదా నేవు, ఒంట్లో బాగోలేదేటి?” అని అడిగింది. బాగానే ఉందన్నాను.

కొన్నాళ్లకి, పెట్రోలు డబ్బాలు కొన్ని ఆ గట్టున ఉండిపోయాయని గుర్తొచ్చి వెళ్లాల్సొచ్చింది. మావ పడవే. ఆయన ఆ రోజు గురించి ఒక్క మాటా ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది.

పడవ గట్టుకి దగ్గరవుతుంటే, బోటు కడదామనుకున్న చోట ఏదో కొత్తగా కనబడింది. నీళ్ల ఒడ్డున రాళ్ల మీద చెక్కలు వేసి, ఒకదాని వెనక ఒకటి వరసలు పెట్టారు. వాటి మీద ఊరి ఆడవాళ్లు కూర్చున్నారు, నీళ్లకేసి తిరిగి. అంటే కొండకి వీపు పెట్టి. తలల మీదుగా కొంగులు కప్పుకుని, మెడలు వంచుకుని, తప్పు చేసి దొరికిపోయినవాళ్లలా కూర్చున్నారు. ముందు వరసలో మామ్మ. ఆమె పక్కన, నెలలు నిండబోతున్న పొట్టతో మనవరాలు.

“ఏటి మావా ఇది?” అన్నాను.

“కూకోడం నేర్సుకుంటన్నారు,” అన్నాడు మావ. “తల్లికి ముందే కోడిని కోసి తప్పు కట్టేసినారు. మా ఈపు సూసి కోప్పడకమ్మా, బోటు కోసరం, అని సెప్పుకున్నారు.”

తప్పు కట్టడమంటే ఆ ఊళ్లో జరిమానా. తప్పు చేసినవాళ్లు కోడినో, బియ్యమో తెచ్చి పెద్దల ముందు పెట్టాలి. నేను ఎత్తిన కన్నానికి వాళ్లు తప్పు కట్టారు.

నేను ఏ దేవుణ్ణీ పెద్దగా పట్టించుకునే మనిషిని కాను. కానీ తలలు వంచుకుని ఆ ఆడవాళ్లు వాళ్ల తల్లికి వీపు పెట్టడం నేర్చుకుంటుంటే చూడలేకపోయాను. నేల చీలితే బాగుండుననడం ఎన్నోసార్లు విన్నాను, ఆ రోజు అర్థమైంది. పడవ దిగి, నీళ్లలోనే నిలబడి చెప్పేశాను. మీరు కూర్చోవడంలో ఏ తప్పూ లేదని, ఇంజన్ ఎత్తు నేను ఎక్కువ పెట్టానని, కిందకి దించాక ముక్కులో బరువేసి నడిపితే బ్రహ్మాండంగా పోయిందని. తడబడుతూ, రెండేసిసార్లు చెప్పాను.

మామ్మ కొంగు వెనక్కి తీసింది. కోపమొస్తుందేమో, తిడుతుందేమో అని చూశాను. తిడితే దణ్ణం పెట్టి తీసుకుందును.

“ఈ ముక్క ఆ బాబుగోరికి సెప్పినావేటి?”

“నేదు మామ్మా.”

“మరి మాకెందుకు సెప్తన్నావు?”

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి, “లెగిసిపోయినారేటి, కూకోండే, కూకోండి,” అని మిగతావాళ్లని కసిరింది. కొంగు మళ్లీ తల మీదకి లాక్కుంది.

డబ్బాలు పడవలో వేసుకుని బయల్దేరాను. ఎటు తిరిగి కూర్చోవాలో మావ చెప్పలేదు. ముందుకి తిరుగుదామంటే ఆ కొండకి వీపు చూపించే ధైర్యం లేదు. కొండకేసి తిరిగి కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, గట్టు మీద చెక్కల వరసల్లో వాళ్లందరూ నీళ్లకేసే తిరిగి ఉన్నారు కదా. అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. నల్లబండ వచ్చేదాకా వాళ్లు నన్ను చూస్తూనే ఉన్నారు, నేను వాళ్లని చూస్తూనే ఉన్నాను. నాకు ముఖం చెల్లలేదు, తిప్పుకోవడానికి ఇంకోవైపూ లేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లి సారుకి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. “ఆ రోజే ఈ ముక్క చెప్పుంటే బోటు అక్కడే కట్టేసి వచ్చేవాళ్లం కదయ్యా,” అన్నాడు. అరవలేదు. ఇంకో బోటు కోసం పైకి రాస్తానన్నాడు. రాశాడు కూడా. ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలియదు. ఈలోగా వానలు మొదలయ్యాయి. పొద్దున లేవగానే కొండల వైపు మబ్బు చూసి, ఆ పిల్లకి ఎన్నో నెలో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

ఆ స్పీడ్ బోటు ఇప్పుడు ఘాట్ కింద టూరిస్టుల దగ్గరుంది. దాని ఇంజన్ చూడాల్సింది నేనే. మొన్న సర్వీసింగుకి వెళ్లాను. పని అయ్యాక ఒక జట్టు ఎక్కింది, నడిపేవాడి పక్కన నేనూ ఎక్కాను. గట్టు వదలగానే వాళ్లలో ఒక్కరూ సీట్లో ఉండలేదు. ఫోన్లు తీసి, కేకలేసుకుంటూ అందరూ ముక్కులోకి పోయారు. వెనక కొండలు ఫోటోలో బాగా పడతాయని ఒకావిడ అంటే, అందరూ అటు తిరిగి, ఒకరి మీద ఒకరు పడుతూ గొంతుక్కూర్చున్నారు. అచ్చం అదే చోట, అలాగే. బోటు చక్కగా పోయింది, ధార నిండుగా పడింది, ఇంజన్ ఒక్కసారి కూడా అరవలేదు. వాళ్లకి కూర్చోవడం రాదని ఎవ్వరూ అనలేదు. నేనూ అనలేదు.